రోగం లేని మనిషికి మందు

1992లో అమెరికా, కెనడాలలో ఒక పెద్ద వైద్య ప్రయోగం మొదలైంది. అందులో చేరిన స్త్రీలు రోగులు కారు. వారిలో ఎక్కువమందికి తల్లికో, తోబుట్టువుకో, కూతురికో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. తమకు ఇంకా రాలేదు. అయిదేళ్ళపాటు రోజూ వేసుకోవలసిన మాత్రలను వారి చేతికిచ్చారు. సగం మంది మాత్రలలో టామోక్సిఫెన్ అనే మందు ఉంది, తక్కిన సగం మంది మాత్రలలో ఏ మందూ లేదు. ఎవరికి ఏది అందుతున్నదో వేసుకునేవారికీ తెలియదు, ఇచ్చే వైద్యులకూ తెలియదు. క్యాన్సర్ వచ్చినవారికి ఇచ్చే మందును, రాకముందే ఆరోగ్యవంతులకు ఇవ్వవచ్చునా? ఈ ప్రశ్న అక్కడిదాకా రావడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది.

1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్‌తో తన దగ్గరకు వచ్చిన స్త్రీలకు అండాశయాలు తొలగించి చూసిన ఫలితాలను ప్రచురించాడు. కణితి కరిగిన సందర్భాలు అందులో ఉన్నాయి. ఆవులకు అండాశయాలు తీసివేస్తే ఎక్కువ కాలం పాలిస్తాయని కొన్ని దేశాల పశుపాలకులలో ఉన్న నమ్మకం ఆయన చెవిన పడింది. అండాశయానికీ రొమ్ముకూ ఏదో చుట్టరికం ఉందన్న ఊహకు అది బలమిచ్చింది. ఆ చుట్టరికాన్ని నడిపే ఈస్ట్రోజెన్‌కు అప్పటికింకా పేరు కూడా లేదు.

టామోక్సిఫెన్ పుట్టింది క్యాన్సర్ కోసం కాదు. ఇంగ్లండులో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ వాల్పోల్ బృందం గర్భనిరోధక మాత్ర కోసం వెతుకుతుండగా, రసాయన శాస్త్రవేత్త డోరా రిచర్డ్‌సన్ 1962లో దీన్ని తయారుచేసింది. ఎలుకలలో ఇది గర్భం నిలవనీయలేదు. స్త్రీలలో మాత్రం అండం విడుదలకు తోడ్పడింది. గర్భనిరోధకంగా పనికిరాని ఆ మందును మాంచెస్టర్‌లోని క్రిస్టీ ఆసుపత్రిలో మేరీ కోల్ బృందం ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 46 మందికి ఇచ్చింది. పదిమందిలో గుణం కనిపించింది. ఆ సంగతి 1971లో అచ్చయింది. 1973లో బ్రిటన్, 1977లో అమెరికా ఈ మందుకు అనుమతి ఇచ్చాయి.

ఈ మందు పనితీరులో ఒక మెలిక ఉంది. రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చునే చోట ముందుగా తానే కూర్చుని దాన్ని రానివ్వదు. గర్భాశయంలో మాత్రం తానే ఈస్ట్రోజెన్ లాగా ప్రవర్తిస్తుంది. దీని మేలూ కీడూ చాలావరకు ఈ రెండు నడవడికల నుంచే వచ్చాయి.

నివారణ ఆలోచనకు దారి వేసినవారు కొందరు. 1970లలో క్రెయిగ్ జోర్డన్ ఎలుకలలో ఈ మందు రొమ్ము కణితులను రాకుండా ఆపగలదని చూపాడు. ఒక రొమ్ములో క్యాన్సర్ వచ్చి టామోక్సిఫెన్ వాడుతున్నవారికి రెండో రొమ్ములో క్యాన్సర్ తక్కువగా వస్తున్నదని 1985లో జాక్ క్యూజిక్, మైకేల్ బామ్ గమనించారు. మరుసటి ఏడాది లండన్‌లో ట్రెవర్ పౌల్స్ ఆరోగ్యవంతులైన స్త్రీలతో చిన్న ప్రయోగం మొదలుపెట్టాడు. బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో 1992లో మొదలైన ప్రయోగం దాని తరువాతిది.

దానికి అప్పుడే ఎదురుగాలి వీచింది. అమెరికాలో స్త్రీల ఆరోగ్యం కోసం పనిచేసే సంఘాలు ఆక్షేపించాయి. ఒక రోగాన్ని ఆపబోయి మరొక రోగాన్ని తెచ్చిపెట్టడమే అవుతుందని వారి వాదన. క్యాన్సర్ రోగి ఓర్చుకునే దుష్ఫలితాన్ని ఆరోగ్యవంతురాలు ఎందుకు ఓర్చుకోవాలి?

1998 ఏప్రిల్‌లో, అనుకున్న గడువుకు ఏడాదికి పైగా ముందే, ఫలితాలు ప్రకటించారు. 13,388 మంది చేరిన ఆ ప్రయోగంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 175 మందికి, టామోక్సిఫెన్ వేసుకున్నవారిలో 89 మందికి, చుట్టూ పాకే రకం రొమ్ము క్యాన్సర్ వచ్చింది. తక్కెడ రెండో సిబ్బిలో గర్భాశయ క్యాన్సర్ 15 నుంచి 36కు, ఊపిరితిత్తులలో రక్తపు గడ్డలు 6 నుంచి 18కి పెరిగాయి. ఆక్షేపించినవారి భయం వట్టిది కాదు, మందు కనిపెట్టినవారి ఆశా వట్టిది కాదు. ఆ ఏడాది అక్టోబరులోనే అమెరికా ప్రభుత్వం, ముప్పు ఎక్కువగా ఉన్న స్త్రీలకు ఈ మందును అనుమతించింది.

ముప్పు సగానికి తగ్గిందన్న మాట నిజమే. అదే ఫలితాన్ని మరో విధంగానూ చెప్పవచ్చు. అటువంటి స్త్రీలు వెయ్యిమంది ఉంటే, ఆరేళ్ళకు కాస్త తక్కువ కాలంలో మందు లేకుండా 43 మందికి క్యాన్సర్ వస్తుంది, మందుతో 22 మందికి వస్తుంది. మిగిలిన 957 మందికి మాత్ర వేసుకోకపోయినా ఆ వ్యవధిలో వచ్చేది కాదు. రెండు లెక్కలూ ఒకటే అయినా, మొదటిది విన్న స్త్రీ ఒక నిర్ణయానికి, రెండోది విన్న స్త్రీ మరో నిర్ణయానికి రావచ్చు.

ఈ తూకం అందరికీ ఒకటి కాదు. గర్భాశయానికి కలిగే కీడు ఎక్కువగా యాభై దాటినవారిలో కనిపించింది. శస్త్రచికిత్సలో గర్భాశయం తీసివేసినవారికి ఆ భయమే లేదు. రొమ్ము కణాలలో అసహజమైన పెరుగుదల ముందే బయటపడినవారికి మేలు మరింత ఎక్కువ. ప్రయోగంలో చేరినవారిలో నూటికి 96 మంది తెల్లజాతివారన్నదీ మరువరానిది. అమెరికాలో వైద్యుడి ముందు కూర్చున్న తెలుగు స్త్రీకి చెప్పే లెక్క ప్రధానంగా ఇతరుల దేహాల నుంచి వచ్చింది.

తరువాతి కాలం లెక్కను ఇంకా విప్పిచూపింది. బ్రిటన్ కేంద్రంగా 7,154 మందితో జరిగిన ప్రయోగాన్ని దీర్ఘకాలం వెంబడించగా, అయిదేళ్ళ మాత్రల మేలు మందు ఆపాక కూడా నిలిచిందని తేలింది. 22 మంది వాడితే ఇరవయ్యేళ్ళలో ఒకరికి క్యాన్సర్ తప్పుతుంది. రొమ్ము క్యాన్సర్ మరణాలలో మాత్రం తేడా కనబడలేదు. నెలసరి ఆగిపోయినవారికి రాలోక్సిఫెన్, అనాస్ట్రజోల్ వంటి మరికొన్ని దారులు తెరుచుకున్నాయి.

అయినా వాడేవారు కొద్దిమందే. పలు అధ్యయనాలను కలిపి 2016లో చూస్తే, ఈ అవకాశం ఎదుట ఉన్న స్త్రీలలో సుమారు ఆరుగురిలో ఒకరే మందు తీసుకున్నారు. దీన్ని అవగాహన లోపమని తీసిపారేయడం తేలిక. కాని తల్లి మంచం పక్కన చూసిన మాత్రనే కూతురు తన పళ్ళెం పక్కన పెట్టుకోవాలంటే, రాని రోగాన్ని రోజూ ఒకసారి తలచుకోవాలి. రక్తపోటు మాత్ర వేసుకున్నవారికి అంకె తగ్గడం కనిపిస్తుంది. ఇక్కడ అలా చూసుకోవడానికి అంకె లేదు. రక్తం గడ్డకట్టిన స్త్రీకి తాను కోల్పోయినది తెలుస్తుంది. క్యాన్సర్ తప్పించుకున్న ఆ 21 మందిలో తానొకరినని ఏ స్త్రీకీ ఎన్నటికీ తెలియదు.

అందుకే ఈ మందు విషయంలో కాదన్న స్త్రీని భయస్థురాలనీ, సరేనన్న స్త్రీని అమాయకురాలనీ అనలేం. 1992 నాటి స్త్రీలు తమ చేతిలోని మాత్ర ఏదో తెలియకుండానే అయిదేళ్ళు మింగి, తరువాతి తరానికి ఒక లెక్క మిగిల్చారు. ఆ లెక్కలో రెండు వైపులా ఉన్న అంకెలను దాచకుండా ఆమె ముందు పెట్టడం వరకే వైద్యుడి వంతు.