రెండు పేర్ల పిల్లలు

తిరువూరు ప్రాంతమున పదవ తరగతి ముగించిన మన మగపిల్లల పేర్లను బడి పట్టీలో చదివి, పిమ్మట సంఘపు బాప్తిస్మపు పట్టీ తెరచి చూడుడు. ఇచ్చట సురేషు అయినవాడు అచ్చట సమూయేలు కావచ్చును. ఒక్క బిడ్డకు రెండు పేర్లెట్లు వచ్చెను?

మొదట ఇట్లు లేదు. మన కీర్తనలు వ్రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మము పొందిరి. 1890లో కన్నుమూయువరకు పురుషోత్తముగానే యుండిరి. అది పూరీ జగన్నాథునికి గల పేరు సుమా! 1841లో బందరు వచ్చిన నోబుల్ దొర శిష్యులు భూషణము, రత్నము ఆ పేర్లతోనే గురువులైరి. 1859లో బాప్తిస్మము పొందిన రాఘవాపురపు పగోలు వెంకయ్య, వెంకయ్యగానే తనవారికి సువార్త చెప్పెను. రోమా పత్రిక 16వ అధ్యాయములో పౌలు హెర్మేకు వందనములు చెప్పుచున్నాడు. అది గ్రీకు దేవత పేరు. మార్చుకొనుమని అపొస్తలుడు అనలేదు.

పేరు మారినది పిల్లల తరములో. 1895లో వినుకొండలో వీరయ్య, లింగమ్మలకు పుట్టిన కుమారుడే మహాకవి జాషువ. మన బైబిలులో యెహోషువ; దొరల నోట జాషువ. అట్లే యోహాను జాన్ అయ్యెను, పేతురు పీటరు అయ్యెను. దేవదానము, ఏసుపాదము, ప్రభుదాసు వంటి తెలుగు పేర్లును పుట్టినవి. నాకు ఇవియే ఇంపు. వీనిని తాతలకే వదలివేసితిమి.

ఇంటిపేరు మాత్రము కదలలేదు. ఫిలిప్పీనులో 1849లో స్పెయిను గవర్నరు క్లావెరియా ఉత్తరువుచేత పుస్తకములోనుండి ఇంటిపేర్లు పంచిరి. మనకు వచ్చిన ఉత్తరువు వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమువాడు క్రైస్తవుడైనచో ఆ హోదా పోవును. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించిరి, మనకు లేదు. మన రాష్ట్రమున అట్టివారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేర్చిరి. చట్టము అడుగునది మతమును, పేరును కాదు. అయినను పేరు చూచి అనుమానపడు కన్నులు కలవు. కావున బిడ్డను బడిలో చేర్చునాడు తండ్రి గుమాస్తా యెదుట నిలిచి ఒక్క క్షణము తడబడును. ఉపకారవేతనము, రేపటి ఉద్యోగము ఆ క్షణములోనే యున్నవి.

దానియేలుకును బబులోనులో బెల్తెషాజరని పేరు పెట్టిరి. అయితే అది నపుంసకుల యధిపతి పెట్టినది. ఇచ్చట తండ్రియే చెప్పవలసి వచ్చెను. ఆ తండ్రిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. ఆదివారము గురువు నీళ్ల పాత్రయొద్ద బిడ్డ పేరు అడుగగా తల్లి మెల్లగా సమూయేలు అనును. సోమవారము హాజరు పిలుచునప్పుడు వాడు లేచి నిలుచునది వేరొక పేరునకు.