ఏ కొలతతో కొలుద్దాం?

1919 జలియన్‌వాలా బాగ్ పాఠం చెప్తున్నా. హెచ్చరించకుండా జనాన్ని కాల్పించాడు కాబట్టి డయ్యర్‌ది మారణకాండ. "మన పోలీసులు కాలిస్తేనో సార్?" అన్నాడొక పిల్లాడు.

1997 జూలై 11 గురించి చెప్పాను. ముంబై రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. బస్తీ జనం రోడ్డెక్కారు. రిజర్వు పోలీసులు పదిమందిని కాల్చి చంపారు. గ్యాస్ ట్యాంకర్లు తగలబెట్టబోయారన్నారు. ఆ కాల్పులు అనవసరమని గుండేవార్ కమిషన్ తేల్చింది. కాల్పించిన అధికారికి కోర్టు శిక్ష వేసింది మాత్రం 2009లో.

మా నాయన శ్మశానం జాగా కోసం ధర్నాకు పోయి లాఠీదెబ్బకు మోకాలు పోగొట్టుకున్నాడు. 'గుంపును చెదరగొట్టాం' అని రాసుకున్నారు. ఆయన కూర్చునే ఉన్నాడు.

హెచ్చరించారా? కూర్చున్నోణ్ణి, పారిపోయేటోణ్ణి కొట్టారా? డయ్యర్‌ను అడిగిన ప్రశ్నలే వీళ్లనీ అడగాలి. పోలీసు కాగితం ఒక్కటే చరిత్ర కాదని పిల్లలకు చెప్పాను.