కాసోవరీ అడవి, చెరకు నేల

ఆస్ట్రేలియా ఈశాన్యాన, క్వీన్స్‌లాండ్ తీరం వెంబడి ఉన్న వర్షారణ్యం, అంటే భారీ వానలతో ఏడాది పొడవునా పచ్చగా ఉండే దట్టమైన అడవి, కాసోవరీ అనే ఎగరలేని మహాపక్షికి నివాసం. మనిషి భుజాల ఎత్తుకు పెరిగే ఈ పక్షిలో ఆడదే పెద్దది, 70 కిలోలకు పైగా కూడా తూగుతుంది. వెంట్రుకల్లా వేలాడే నల్లని ఈకలు, నీలి మెడ, దాని కింద వేలాడే ఎర్రని తోలు తిత్తులు, తలపై కొమ్ము పదార్థం కప్పిన శిఖ, కాలి లోపలి వేలికి సుమారు 12 సెంటీమీటర్ల వాడి గోరు దీని గుర్తులు. ఆడపక్షి గుడ్లు పెట్టి వెళ్ళిపోగా, మగపక్షే దాదాపు 50 రోజులు పొదిగి, పిల్లలను నెలల తరబడి వెంటబెట్టుకొని సాకుతుంది.

రాలిన పండ్లను నమలకుండా మింగి, గింజలను దూరాన రెట్టతో విడిచే ఈ పక్షి అడవికి విత్తనాలు చల్లే రైతు. రైపరోసా అనే చెట్టు గింజలు మామూలుగా నూటికి 4 మాత్రమే మొలకెత్తగా, దీని కడుపు గుండా వచ్చినవి 92 మొలకెత్తినట్లు పరిశోధకులు గుర్తించారు.

ఆదివాసులు తరతరాలుగా ఎరిగిన ఈ పక్షి ఆస్ట్రేలియాలో యూరోపియన్ల కంటబడింది 1848లో, ఎడ్మండ్ కెనెడీ అన్వేషణ యాత్రలో. ఆ తరువాత దాని అడవికి పట్టిన గతి, ఉయ్యూరు చుట్టూ చెరకు పండించే కృష్ణా డెల్టా వారు తెలుసుకోదగిన చరిత్ర. దక్షిణాఫ్రికాలోని నేటాల్, ఫిజీ చెరకు తోటలకు తెలుగు కూలీలను ఓడలెక్కించిన వలస పాలన యుగంలోనే, 1863 నుంచి సుమారు నాలుగు దశాబ్దాల పాటు, 60,000 మందికి పైగా పసిఫిక్ దీవులవారిని, వారిలో ఎందరినో మోసగించీ బలవంతపెట్టీ, క్వీన్స్‌లాండ్‌కు తెచ్చి, వారి చెమటతో చెరకు సాగును విస్తరించారు. సారవంతమైన ఒండ్రు మైదానాల అడవి ముందుగా గొడ్డలికి బలి కాగా, ప్రధానంగా కొండలపైనే అది మిగిలింది.

చెట్ల నరికివేతపై ఏళ్ళ తరబడి పోరాటం సాగి, రాష్ట్ర ప్రభుత్వం వ్యతిరేకించినా కేంద్ర ప్రభుత్వం పట్టుబట్టడంతో, 1988లో ఈ అడవి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అయినా 2006లో లారీ, 2011లో యాసీ తుపానులు పండ్లను రాల్చేసినప్పుడు, తునకలైన అడవిలో తిండి దొరకని పక్షులు రోడ్ల మీదికి, ఇళ్ళ మధ్యకు వచ్చి వాహనాలకూ కుక్కలకూ బలయ్యాయి. ముక్కలైన అడవిని చెట్ల బాటలతో తిరిగి కలపడమే నేడు అక్కడి సంరక్షకుల ప్రధాన కృషి.

కొల్లేరు సరస్సును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో దానిలోని చేపల చెరువుల గట్లు తెంచవలసి వచ్చిన డెల్టాకు ఈ పాఠం కొత్త కాదు: సారవంతమైన పల్లపు నేల మీద ప్రకృతికి హద్దు ముందే గీయాలి, ఆలస్యమైతే చట్టం కాపాడగలిగేది మిగిలినదాన్నే.