రిజిస్టరులో మిగిలిన ఊరు

పెన్షన్ కాగితాల్లో ఒక్క అక్షరం తేడా వచ్చినందుకు ట్రెజరీ చుట్టూ తిరిగినవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నేను 1972లో గుమాస్తాగా చేరి, 2008లో రిటైరయ్యేదాకా జనం పేర్లు రాసినవాడిని. అందుకే కాబోలు, మారిషస్ తెలుగువారి చరిత్ర చదువుతున్నప్పుడు నా చూపు తోటల యజమానుల మీదా దొరల మీదా కాక, ఆ రేవులో కూర్చుని పేర్లు రాసుకున్న గుమాస్తా మీద నిలిచింది.

మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1834 నుంచి 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా ఆ దీవిలో దిగారు. వారిలో మన కోస్తా జిల్లాలవారూ ఉన్నారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళకు ‘కోరంగీలు’ అనే పేరు వచ్చింది. పోర్ట్ లూయీలో 1849లో కట్టిన వలస డిపోలో 16 మెట్లెక్కి వారు కొత్త దేశంలో అడుగుపెట్టేవారు. ఆ కట్టడాన్ని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అక్కడి రిజిస్టరులో ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, వచ్చిన ఓడ రాసుకునేవారు. తెలుగు రాని గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసేవాడు. ఇంటిపేరు ముందు, పేరు తరవాత చెప్పే మన పద్ధతి ఆ కాగితాలకు తెలియదు.

తరవాత తోటలో కాపురం. ఒప్పందం సాధారణంగా ఐదేళ్ళు. తొలినాటి ఒప్పందాల్లో మగవాడికి నెలకు 5 రూపాయల జీతం, రోజుకు 2 పౌన్ల బియ్యం, అర పౌను పప్పు, 2 ఔన్సుల ఉప్పు. వరుసగా కట్టిన గడ్డి గుడిసెల్లో నివాసం. తెల్లవారకముందే హాజరు పిలుపు, ఆపైన సర్దారు వెంట చెరకు చేలోకి నడక. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. ఆదివారం పొద్దున కూడా జీతం లేని వెట్టి తప్పేది కాదు. ఆ జీతమైనా నెలల తరబడి బాకీ పడిన తోటలున్నాయి. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం తీరినవాడు కూడా ఫోటో అంటించిన పాసు లేకుండా బయట తిరిగితే జైలే. ఈ బాధలు చెబుతూ 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట నిర్వాహకుడు 9,401 మంది సంతకాలతో అర్జీ పెట్టించాడు. 1872లో రాయల్ కమిషన్ వేశారు.

అంతటి చాకిరీలోనూ వాళ్ళు సాయంత్రం రామభజన మానలేదు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ ఈనాటికీ అక్కడ జరుగుతున్నాయి. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. పెద్ద తోటలను ముక్కలుగా అమ్మినప్పుడు కూడబెట్టిన డబ్బుతో చిన్న చెక్కలు కొనుక్కుని సొంత ఇళ్ళు కట్టుకున్నవారూ ఉన్నారు. పిల్లలకు వీధిలో క్రియోల్ అలవాటయింది. తెలుగు మెల్లగా పాటకూ పూజకూ పరిమితమవుతూ వచ్చింది.

పేర్లూ మారాయి. తాత పేరే మనవలకు ఇంటిపేరయింది. ఫ్రెంచిలో రాసే మారిషస్ నవలా రచయిత్రి నటాషా అప్పనా పూర్వీకులు మన ప్రాంతం నుంచి వెళ్ళినవారే. ఆ ఇంటిపేరు వినగానే మనకు సింహాచలం అప్పన్న గుర్తుకొస్తాడు.

విచిత్రమేమంటే, ఆనాడు మనిషిని నంబరుగా మార్చిన రిజిస్టరే ఈనాడు మునిమనవలకు ఇంటిదారి చూపుతోంది. ఆ పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వారసులు తాత నంబరు పట్టుకుని వెళ్ళి తమ ఊరి పేరు వెతుక్కుంటారు. గుమాస్తా శ్రద్ధగా రాసివుంటే ఊరు దొరుకుతుంది, లేకపోతే లేదు.

ఇది చదివినప్పుడు నా తప్పు ఒకటి కళ్ళముందు మెదిలింది. 1986లో ఒక వృద్ధురాలి భర్త ఇంటిపేరు హడావుడిలో తప్పు రాశాను. ఆమె పింఛను ఎనిమిది నెలలు ఆగింది. దిద్దించాక కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఈనాటికీ బాధ.

ఇప్పుడు మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. పాస్‌పోర్టు దగ్గర జరిగిన తికమకతో మా మనవడికి అక్కడ మా అబ్బాయి పేరే ఇంటిపేరయింది. మా అసలు ఇంటిపేరు ఆ పిల్లవాడి కాగితాల్లో ఎక్కడా లేదు. మొన్న ఒక తెల్లకాగితం మీద ఇంటిపేరు, ఊరు, మండలం, ముత్తాత పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పంపాను. మిత్రులు కూడా ఈ పని చేయవలసిందిగా మనవి. చేయి వణుకుతున్నా సరే, అక్షరం మాత్రం స్పష్టంగా రాయండి.