భువనగిరి గుట్టపై తాడు ప్రయాణం.. పూట సరిపోయే సాహసం
అంచు దాటే ముందు చూసుకోవలసినవి అనేకం

సంతోష్‌నగర్: ఐ.ఎస్.సదన్ కూడలి నుంచి తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరితే చాలు. ఎండ ముదరకముందే ఏకశిలా పర్వతం అంచున నడుముకు తాడు కట్టుకొని నిలబడవచ్చు. మధ్యాహ్న భోజన వేళకు తిరిగి ఇల్లు చేరవచ్చు. హిమాలయాలకు వెళ్లే స్తోమత, సెలవులు లేని పాతబస్తీ యువతకు భువనగిరి గుట్ట అందుబాటులో ఉన్న కొండ. సెలవు దినాలలో జంటనగరాల నుంచి బృందాలుగా వచ్చి, శిక్షకుల పర్యవేక్షణలో శిల మీదుగా తాడు ఆధారంతో దిగి వెళుతున్నారు. దీనినే ర్యాపెల్లింగ్ అంటారు. ఉత్సాహంతో వచ్చేవారిలో ఎక్కువమంది అడిగే ప్రశ్న ‘ఎంత ఎత్తు?’ అన్నది. అడగవలసిన ప్రశ్న మాత్రం వేరు. ఆ తాడును పైన దేనికి కట్టారు, ఎవరు కట్టారు, రెండో తాడు ఉన్నదా అన్నది.

దారి ఇలా..

సంతోష్‌నగర్ నుంచి చంపాపేట, కర్మన్‌ఘాట్, సాగర్ రింగ్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్, అక్కడి నుంచి నాగోలు, ఉప్పల్ చేరాలి. ఉప్పల్‌లో వరంగల్ వైపు వెళ్లే 163వ జాతీయ రహదారి ఎక్కితే ఘట్‌కేసర్, బీబీనగర్ తర్వాత భువనగిరి వస్తుంది. మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. సొంత వాహనం లేనివారు ఉప్పల్ నుంచి యాదగిరిగుట్ట, వరంగల్ వైపు వెళ్లే ఆర్టీసీ బస్సులలో వెళ్లవచ్చు. సికింద్రాబాద్, కాజీపేట మార్గంలో భువనగిరికి రైల్వే స్టేషను కూడా ఉంది. తిరుగు ప్రయాణంలో ఉప్పల్ దాటడానికి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోకుంటే పూట కాస్తా రోజవుతుంది.

ఒకే రాయి.. వేయేళ్ల చరిత్ర

పట్టణం మధ్యలో 500 అడుగులకు పైగా లేచిన ఒకే శిల ఈ గుట్ట. ఒకవైపు నుంచి చూస్తే గుడ్డు ఆకారంలో, మరోవైపు నుంచి పడుకున్న ఏనుగులా కనిపిస్తుంది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) కాలంలో దీనిపై కోట నిర్మాణం జరిగింది. ఆయన బిరుదు మీదుగా త్రిభువనగిరి అని పిలువగా, కాలక్రమంలో అది భువనగిరి అయింది. కాకతీయుల కాలంలోనూ ఇది ముఖ్యమైన దుర్గం. గీత వృత్తి కుటుంబం నుంచి వచ్చి మొగలు అధికారాన్ని ఎదిరించిన సర్వాయి పాపన్న 1709లో ఈ కోటపై దాడి చేశాడు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన యాదాద్రి భువనగిరి జిల్లాకు ఇప్పుడు ఈ పట్టణమే కేంద్రం.

దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు శిలల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో చల్లబడి గట్టిపడిన రాయి, పైనున్న పొరలు కొట్టుకుపోగా బయటపడింది. ఎండకు వానకు ఉల్లిపొర వలె పలకలు పలకలుగా ఊడడం దీని స్వభావం. అందుకే ఇలాంటి గుట్టలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. తాడు దిగేవారికి ఇందులో మేలూ ఉంది, కీడూ ఉంది. రాయి గరుకుగా ఉండడంతో పొడిగా ఉన్నంతసేపు బూటు బాగా పడుతుంది. అయితే ఊడడానికి సిద్ధంగా ఉన్న పలక పైకి గట్టిగానే కనబడుతుంది. చేత్తో తట్టినప్పుడు డొల్లగా మోగితే దానికి మేకు దించకూడదు, బరువు వేయకూడదు. ఈ శబ్దాన్ని గుర్తుపట్టడం శిక్షకుడు నేర్వవలసిన తొలి విద్యలలో ఒకటి.

నగరంలో ఇటువంటి శిలలకు కొదవ ఉండేది కాదు. ఇళ్ల కోసం, కంకర కోసం పేల్చివేయగా మిగిలినవి కొన్నే. వాటి రక్షణ కోసం 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ సంస్థ పనిచేస్తోంది. పాతబస్తీ పిల్లవాడు రాయి ఎక్కడానికి 50 కిలోమీటర్లు వెళ్లవలసి రావడంలో ఈ నష్టం కూడా ఉంది.

తాడు వెనుక లెక్క

ర్యాపెల్ అన్నది ఫ్రెంచి మాట. జర్మన్లు అబ్‌సైల్ అంటారు. 1879లో ఆల్ప్స్ పర్వతాలలోని పెటిట్ డ్రూ శిఖరాన్ని తొలిసారి అధిరోహించిన ఫ్రెంచి మార్గదర్శి జాన్ చార్లె-స్ట్రాటన్‌ను ఈ పద్ధతికి ఆద్యునిగా చెబుతారు. అప్పట్లో తాడును ఒంటికే చుట్టుకొని దిగేవారు. ఒరిపిడికి చర్మం కాలేది. ఇప్పుడా ఒరిపిడిని చిన్న లోహపు పరికరం భరిస్తుంది. మన ప్రాంతంలో ఎక్కువగా వాడేది ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ‘ఫిగర్ ఆఫ్ ఎయిట్’. తాడు దాని చుట్టూ మలుపు తిరుగుతుంది. కింది తాడును చేత్తో తుంటి వెనక్కు లాగి పట్టుకుంటే మనిషి ఆగుతాడు. వదులు చేస్తే జారుతాడు. ఎంతటి బరువైన మనిషినైనా ఒక్క చేయి ఆపగలగడానికి కారణం కండబలం కాదు, ఆ మలుపులో పుట్టే ఘర్షణ. దిగేవారు గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే.. బ్రేకు పట్టే చేయి ఏ కారణం చేతనూ తాడును వదలరాదు. చెమట తుడుచుకోవాలన్నా, ఫొటోకు చేయి ఊపాలన్నా రెండో చేయి ఉంది.

తాళ్లు కూడా రెండు రకాలు. దిగడానికి వాడే స్టాటిక్ తాడు మనిషి బరువుకు 5 శాతంలోపే సాగుతుంది. కనుక మనిషి ఊగిసలాడడు. పైకి ఎక్కేవారికి వాడే డైనమిక్ తాడు బాగా సాగి, పడిపోయినప్పుడు కలిగే కుదుపును మింగుతుంది. ఏ పనికి ఆ తాడే తగినది. తాడును నడుము పట్టీకి కలిపే కొక్కెం పేరు కారబైనర్. దానిపై 22 కేఎన్ వంటి అంకె చెక్కి ఉంటుంది. అంటే నిలువునా సుమారు 2,200 కిలోల లాగుడును తట్టుకోగలదని అర్థం. మూత తెరిచి ఉంటే ఆ బలంలో మూడోవంతు కూడా మిగలకపోవచ్చు. తాళం మర బిగించకపోతే అంకె ఎంత పెద్దదైనా ప్రయోజనం ఉండదు.

అంచున నిలబడినప్పుడు..

గుట్ట ఎక్కడానికి మెట్లున్నాయి. పైకి చేరాక శిక్షకులు ముందుగా తలకు హెల్మెట్, నడుముకు తొడలకు కలిపి బిగించే హార్నెస్ తొడుగుతారు. పట్టీ నడుము ఎముకకు పైభాగాన ఉండాలి. అరచేయి దూరేంత వదులుంటే చాలు, పిడికిలి దూరితే మళ్లీ బిగించాలి. చున్నీ, పొడవాటి జడ, వదులు చొక్కా అంచు, మెడలో గొలుసు.. ఇవన్నీ లోపలికి దోపాలి. దిగే పరికరంలో జుట్టు చిక్కితే గాలిలో వేలాడుతూ విడిపించుకోవడం నరకమే. చెప్పులతో అనుమతించరు. అడుగు అరిగిపోని బూట్లు తప్పనిసరి.

అసలు కష్టం మొదటి రెండడుగులే. లోయకు వీపు పెట్టి వెనక్కు వాలాలి. మనసు ఒప్పుకోదు. భయపడినవారు సహజంగా రాయిని కౌగిలించుకోజూస్తారు. అప్పుడు కాళ్లు జారి మోకాళ్లు కొట్టుకుంటాయి. కాళ్లు భుజాల వెడల్పున ఎడంగా పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, కుర్చీలో కూర్చున్నట్లు వెనక్కు వాలితే బూటు అడుగు పూర్తిగా రాతికి ఆనుతుంది. ఆ తర్వాత నడకే. సినిమాలలో వలె దూకుతూ దిగడం కొత్తవారికి కూడదు. ప్రతి దూకుడుకూ పైనున్న కట్టుపై కుదుపు పడుతుంది. తాడు రాతి అంచుకు రాసుకుంటుంది.

కొందరు అంచు వరకు వచ్చి వెనుదిరుగుతారు. అందులో సిగ్గు లేదు. మంచి శిక్షకుడు బలవంతం చేయడు. 2018 జులైలో కోయంబత్తూరు సమీపంలోని ఒక కళాశాలలో విపత్తు శిక్షణ పేరిట పై అంతస్తు నుంచి కింద పట్టుకున్న వలలోకి దూకమన్నారు. వెనుకాడిన 19 ఏళ్ల విద్యార్థినిని శిక్షకుడు తోశాడు. కింది అంతస్తు సన్‌షేడ్‌కు తల తగిలి ఆమె మరణించింది. శిక్షకుడిని పోలీసులు అరెస్టు చేశారు. వెనుకాడే మనిషిని తోసే చోట ఒక్క క్షణం కూడా నిలువరాదు.

అడిగి తెలుసుకోండి

డబ్బు చెల్లించే ముందు నిర్వాహకుణ్ని నాలుగు మాటలు అడిగే హక్కు ప్రతి సందర్శకునికీ ఉంది. పైన తాడును ఒకే మేకుకు కట్టారా, విడివిడిగా బరువు మోయగల రెండు మూడు ఆధారాలకు కట్టారా? దిగే తాడు కాక, మరొకరు పట్టుకొని ఉండే రక్షణ తాడు వేరుగా ఉందా? రాతి అంచున తాడు కింద మెత్తటి అడ్డు వేశారా? తాడు చివర ముడి వేశారా? తాడు నేలకు చేరకముందే అయిపోతే మనిషి జారిపోకుండా ఆ ముడే ఆపుతుంది. పరికరాలు కొని ఎన్నేళ్లయింది, ఎక్కడ శిక్షణ పొందారు అని అడిగినా తప్పుగా భావించే నిర్వాహకుని వద్దకు వెళ్లకపోవడమే మేలు. రాక్ క్లైంబింగ్, ర్యాపెల్లింగ్, జిప్‌లైన్‌లకు పాటించవలసిన ప్రమాణాలను కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ, భారత సాహస పర్యాటక నిర్వాహకుల సంఘం కలిసి 2018లో మార్గదర్శకాలుగా వెలువరించాయి. శిక్షకుని అర్హత, పరికరాల తనిఖీ నమోదు, ప్రథమ చికిత్స ఏర్పాటు వంటివి అందులో ఉన్నాయి. అవి కాగితంలో ఉన్నాయి. గుట్ట మీద ఉన్నాయో లేదో చూసుకోవలసింది మాత్రం తాడు కట్టుకునేవారే.

జిప్‌లైన్ సంగతి

రెండు స్తంభాల మధ్య కాస్త ఏటవాలుగా బిగించిన ఉక్కు తీగపై, కప్పీకి వేలాడుతూ జారిపోవడమే జిప్‌లైన్. కొండ ప్రాంతాల ప్రజలు నదులు దాటడానికి వాడిన పద్ధతే ఇది. 1970లలో కోస్టారికా అడవుల్లో చెట్ల కొనలను పరిశీలించే శాస్త్రవేత్తలు దీనిని ఉపయోగించారు. పిదప వినోదమైంది. విశాఖ కైలాసగిరిపై ఇటీవలి కాలంలో వచ్చిన జిప్‌లైన్‌కు సందర్శకుల తాకిడి ఉంది. ర్యాపెల్లింగ్‌లో వేగం దిగేవారి చేతిలో ఉంటుంది. జిప్‌లైన్‌లో ఉండదు. వాలు, బరువు, గాలి నిర్ణయిస్తాయి. కాబట్టి అవతలి ఒడ్డున ఆపే ఏర్పాటే ప్రాణం. అది విఫలమైతే ఆదుకునే రెండో బ్రేకు కూడా ఉండాలి. ఎక్కే వేదికా ప్రమాదకరమే. 2025 ఏప్రిల్‌లో పుణె జిల్లాలో ఒక యువతి కొక్కెం తగిలించుకునే ప్రయత్నంలో వేదికపై పట్టుతప్పి సుమారు 30 అడుగుల కిందకు పడి మృతిచెందింది. తీగకు కలపకముందే, వేదిక మెట్లు ఎక్కిన క్షణం నుంచే వేరొక తాడుతో మనిషిని కట్టి ఉంచాలన్నది అందుకే.

ఇక్కడి నుంచే ఎవరెస్టుకు..

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతానికి చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చింది ఈ రాతి మీదనే. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుతున్న విద్యార్థులను 2013లో భువనగిరికి తీసుకువచ్చి, శిక్షకుడు శేఖర్‌బాబు బచినేపల్లి ఆధ్వర్యంలో తర్ఫీదు ఇచ్చారు. వారిలో రాణించినవారు డార్జిలింగ్‌కు, ఆపైన లద్దాఖ్‌కు వెళ్లారు. చివరికి ఇద్దరు మిగిలారు. నేపాల్ వైపు నుంచి వయోపరిమితి అడ్డు వచ్చినందున టిబెట్ వైపు నుంచి ఎక్కి 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అతిపిన్న వయస్కురాలిగా గుర్తింపు పొందారు. 2022 జూన్‌లో ఉత్తర అమెరికాలోని డెనాలిని అధిరోహించి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను పూర్తి చేశారు. వ్యవసాయ కూలీల ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి ఈ గుట్ట విహారస్థలం కాలేదు, బడి అయింది. రాక్ క్లైంబింగ్ పాఠశాల ద్వారా ఇక్కడ శిక్షణలు సాగుతున్నాయి.

మోకు మీద బతుకులు

భువనగిరి పరిసరాల్లో తాడు కట్టుకొని ఎత్తుకు పోవడం ఎవరికీ కొత్త కాదు. మోకు, ముస్తాదుతో రోజూ తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుల నేల ఇది. మోకు జారి చెట్టు మీది నుంచి పడి మరణించినవారు, నడుము విరిగి మంచాన పడినవారు ఊరూరా ఉన్నారు. వారి కోసం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట భద్రతా కిట్ల పంపిణీని 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. తాళ్లు, క్లిప్పులు, కాళ్లకు వేసుకునే పట్టీలు గల ఆ కిట్టు, పర్వతారోహకులు వాడే సామగ్రికి దగ్గరి చుట్టమే. పూట విహారానికి వచ్చినవారికి హెల్మెట్ లేనిదే అంచు దగ్గరకు రానివ్వని ప్రాంతంలో, నిత్యం ఎక్కి దిగేవారికి రెండో తాడు అందడానికి ఇంతకాలం పట్టింది.

ఎప్పుడు వెళ్లాలి?

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. మార్చి దాటితే తొమ్మిది గంటలకే రాయి చేతిని కాలుస్తుంది. వర్షాకాలంలో నాచు పట్టి జారుతుంది. ఉరుములు వినబడితే గుట్ట దిగిపోవాలి. కోట బురుజుల దగ్గర తేనెపట్లు కనబడితే కేకలు, పొగ, అత్తరు వాసన లేకుండా దూరంగా తొలగడం మంచిది. గుండెజబ్బు, మూర్ఛ, నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు దూరంగా ఉండాలి. ఆస్తమా ఉన్నవారు మందు జేబులో ఉంచుకొని ముందే శిక్షకునికి తెలపాలి. మనిషికి రెండు లీటర్ల నీరు తప్పదు. పైన నీడ తక్కువ. దిగిన వెంటనే కడుపునిండా తినకుండా కాసేపు కూర్చొని నీళ్లు తాగి బయలుదేరితే, పదకొండు గంటల బస్సుకు భువనగిరిలో ఎక్కి ఒంటిగంటకల్లా సంతోష్‌నగర్‌లో దిగవచ్చు.