సైకోసిస్ తొలిదశ సేవలు: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతం

ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, అందరూ తనకు కీడు తలపెట్టారని గట్టిగా నమ్మడం సైకోసిస్ ముఖ్య లక్షణాలు. ఇవి ఎక్కువగా యుక్తవయసులోనే బయటపడతాయి. జబ్బు ముదరకముందే యువతను గుర్తించి ఆదుకునే వైద్యమే తొలిదశ సేవలు. 1992లో మెల్‌బోర్న్‌లో పాట్రిక్ మెక్‌గారీ బృందం మొదలుపెట్టిన ‘ఎపిక్’ కేంద్రం వీటికి ఒరవడి పెట్టింది. మనకు దగ్గరలో చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ ఈ పని చేస్తోంది.

నిద్ర పట్టకపోవడం, చదువు వెనకబడటం, దోస్తులకు దూరమై గదిలోనే ఉండిపోవడం, కొత్తగా అనుమానాలు రావడం ముందస్తు సూచనలు. ఇవి కనిపించిన వారందరికీ సైకోసిస్ రాదు. నిపుణులు పరీక్షించి ముప్పు ఉందని తేల్చినవారిలో కూడా మూడేళ్లలో దాదాపు నాలుగో వంతు మందికే వస్తుంది. అందుకే ఈ దశలో మాత్రలకు తొందరపడకుండా కౌన్సెలింగ్ ఇస్తారు, గంజాయి మాన్పిస్తారు, ఇంటివాళ్లతో మాట్లాడుతూ గమనిస్తుంటారు. జబ్బు ఖాయమైతే మాత్రం మందులు ఆలస్యం చేయకూడదు.

ఉత్తర తెలంగాణలో ఆ ఆలస్యమే పెద్ద సమస్య. గాలి సోకిందని తాయెత్తులు కట్టించడంతో నెలలు గడిచిపోతాయి. చేతబడి అనుమానం ఇంకా ప్రమాదం. దానివల్ల చికిత్స ఆగిపోవడమే కాక, అమాయకుల మీద దాడులు, హత్యలు కూడా ఈ జిల్లాల్లో జరిగాయి. జగిత్యాల, సిరిసిల్ల వైపు చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు; పిల్లవాణ్ని దవాఖానకు తీసుకెళ్లే భారం తల్లి ఒక్కదానిమీదే పడుతుంది. ఉట్నూరు ఏజెన్సీలో గోండి, కొలామీ మాట్లాడేవారు తమ బాధను తెలుగులో చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక్కడి వైద్యులు కల్లు గురించి తప్పక అడగాలి. ఆల్ప్రాజోలం, డైజిపాం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానేస్తే వణుకు, ఫిట్స్, భ్రమలు వస్తాయి. చూడటానికి సైకోసిస్‌లాగే ఉన్నా దాని చికిత్స వేరు.

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015–16) ప్రకారం దేశంలో సైకోసిస్ ఉన్నవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి చికిత్స అందడం లేదు. ఈ ప్రాంతంలో ఆదిలాబాద్ రిమ్స్, కరీంనగర్ పెద్దాసుపత్రి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, తీవ్రమైన కేసులకు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఆధారం. కొత్త భవనాలకన్నా ముందు ఆశా కార్యకర్తలకు, జూనియర్ కాలేజీ లెక్చరర్లకు పైన చెప్పిన ముందస్తు సూచనలను గుర్తుపట్టడం నేర్పాలి. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ‘టెలి మానస్’ నంబరు 14416కు ఇంటివాళ్లు కూడా ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.