అనకాపల్లి చెరకు పరిశోధన: పుట్టుక, ప్రయోజనము

పరిశోధన యనగానే మన గ్రామములలో పెక్కుమందికి గాజు గొట్టములును, అర్థము కాని యంకెలును తలపునకు వచ్చును. అనకాపల్లిలో నూఱేండ్లకు పైబడి సాగుచున్న చెరకు పరిశోధనకు మాత్రము మూలము రైతు కొచ్చిన యాపదయే.

పందొమ్మిదవ శతాబ్ది చివర గోదావరి డెల్టాలోని చెరకు తోటలను ఎఱ్ఱకుళ్ళు తెగులు నాశనము చేసెను. ఈ తెగులు సోకిన మొక్కకు మొదట మొవ్వు క్రింది యాకులు వాడును. గడను నిలువుగా చీల్చినచో లోపల ఎఱ్ఱబాఱి, నడుమ నడుమ తెల్లని యడ్డమచ్చలతో పులిసిన వాసన కొట్టును. అట్టి గడ రసము బెల్లమునకు పనికిరాదు. దీనికి విరుగుడు వెదకుటకే 1902లో సామర్లకోటలో చెరకు క్షేత్రమును నెలకొల్పిరి. వృక్షశాస్త్రజ్ఞుడు బార్బరు దొర పలుతావుల చెరకులను తెప్పించి నాటించి, తెగులునకు తాళగలవానిని ఏఱి తీసెను. 1912లో కోయంబత్తూరున చెరకు సంకర కేంద్రము వెలసినపుడు దానికి ఆద్యుడును ఆయనయే. మఱుసటి యేట, 1913లో, అనకాపల్లి పరిశోధన క్షేత్రము పుట్టెను.

కోయంబత్తూరుండగా మరల అనకాపల్లి యేల? అచ్చట చెరకు చక్కగా పూయును గనుక సంకరము చేయుట కనువు. కాని శారదానది పరిసరముల నేలకు ఏది తగునో ఈ నేలలోనే తేలవలెను. పైగా మిల్లునకు మేలైన చెరకెల్ల బెల్లమునకు మేలైనది కాదు. మన రైతు సంతలో దిమ్మ రంగును, గట్టిదనమును చూపి ధర యడుగవలసినవాడు. కావుననే ఇచ్చటి పరిశోధన పొలముతో ఆగక పొయ్యి దాక వచ్చినది. రసములోని మడ్డి తీయుటకు మందులకు మాఱుగా బెండజిగురు వాడుకను గూర్చియు కృషి జరిగినది.

వేలకొలది నారుమొక్కలలో ఒకటి రెండు వంగడములుగా నిలుచుటకు సుమారు పదేండ్లు పట్టును. విశ్వామిత్ర యనబడు 87ఎ298 అట్లు వచ్చినదే. నడుమనున్న యక్షరము అనకాపల్లికి గుర్తు. తక్కినవన్నియు త్రోసివేయబడినవే. దీనిని వృథావ్యయమనువారు కలరు. పొలములో రైతు నష్టపోవుటకు మాఱు క్షేత్రములోనే ఆ మొక్క యోడినదని వారు గమనింపరు.

ఈ పని ముగియునది కాదు. తెగులు కలిగించు బూజు తన రూపమును మార్చుకొనుచుండును. నిన్న తట్టుకొన్న వంగడము నేడు లొంగును. అందుచే క్రొత్త వంగడమును రైతున కిచ్చుటకు ముందు శాస్త్రజ్ఞులే దాని యారోగ్యమైన గడకు రంధ్రము చేసి, తెగులు బీజమును లోన నుంచి మూయుదురు. రెండు నెలలకు దానిని చీల్చి, ఎఱుపు ఎన్ని కణుపులు దాటినదో లెక్కింతురు.